విదేశంలో పాఠాలు చెబుతూ సొంత ఊళ్లో డాక్యుమెంటరీ తీయాలంటే

ఏటా నలుగురైదుగురు తెలుగమ్మాయిలు నాకు ఉత్తరం రాస్తారు. ఒకరు డల్లాస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ సెలవురోజుల్లో కెమెరా పట్టుకుంటున్నవారు. ఒకరు హైదరాబాద్‌లో టీవీ ఉద్యోగం వదిలి సినిమా చదువుకు దరఖాస్తు పెడుతున్నవారు. అందరూ అడిగేది ఒకటే: డాక్యుమెంటరీలు తీస్తూ, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ పరాయి దేశంలో బతకడం కుదురుతుందా, మీకెలా కుదిరింది?

కుదురుతుంది. నేను విశాఖలో జర్నలిజం చదివి, 2007లో అమెరికా వచ్చి, సినిమా నిర్మాణంలో ఎం.ఎఫ్.ఎ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చేశాను. ఇప్పుడు మధ్య పశ్చిమాన ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డాక్యుమెంటరీ బోధిస్తున్నాను. నా పెద్ద సినిమా శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ఆడవాళ్ల గురించి. మా అమ్మమ్మది ఆ దాపు ఊరే. ఆ సినిమాకు అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లలో నేర్చుకున్నదంతా వరసగా రాస్తాను. వీసాలు, డిగ్రీల సంగతి త్వరగా ముగిస్తాను. నేలమీద కూర్చోవడం గురించి, మాట రాసుకోవడం గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే వాటిని ఏ కోర్సులోనూ ఎవరూ నాకు చెప్పలేదు.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవారున్నారు. సెనెగల్‌కు చెందిన సాఫీ ఫాయ్ డకార్‌లో బడిపంతులు. పారిస్ వెళ్లి మానవజాతి శాస్త్రమూ సినిమా చిత్రీకరణా రెండూ చదివారు. చదివి, కెమెరాతో తిరిగి వెళ్లింది తన వాళ్ల ఊరికే. 1975లో ఆమె తీసిన 'కద్దు బేకట్' ఆ ఊరి రైతుల వేరుశనగ సాగు గురించీ వారి అప్పుల గురించీ ఒక ఉత్తరంలా సాగుతుంది. హనోయ్‌లో పుట్టిన ట్రిన్ టి. మిన్ హా 1970లో అమెరికా వచ్చి, సినిమాలు తీస్తూ బర్క్‌లీలో బోధించారు. మొదటి సెమిస్టరులోనే ఈ ఇద్దరి పని చూడండి. ఊరు వదిలిన ఆడది ఊరివైపు కెమెరా తిప్పితే వచ్చే చిక్కులన్నీ వారికి అప్పుడే ఎదురయ్యాయి.

డిగ్రీ, వీసా, ఉద్యోగం

అమెరికాలో సినిమా నిర్మాణం బోధించడానికి ఎం.ఎఫ్.ఎ.ని తుది డిగ్రీగా లెక్కిస్తారు. సాధారణంగా రెండు మూడేళ్ల చదువు. సినిమా తీయడమే మీ ప్రాణమైతే అది చాలు. మానవశాస్త్ర విభాగంలోనో మీడియా అధ్యయన విభాగంలోనో చేరాలనుకుంటే పీహెచ్‌డీ కావాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టకుండా మొదటే తేల్చుకోండి. ఫీజు మాఫీ, బోధన సహాయకురాలి జీతం ఇవ్వని చోట ఎం.ఎఫ్.ఎ. చేయవద్దని గట్టిగా చెబుతాను. అప్పుతో మొదలైన డాక్యుమెంటరీ జీవితం చాలామందిని పెళ్లి వీడియోల దగ్గరే ఆపేసింది.

చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద 12 నెలలు పనిచేయవచ్చు. అందులో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. డిజిటల్ మీడియా పేరుతో నడిచే కొన్ని కోర్సులు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటాయి, వాటికి మరో 24 నెలలు దొరుకుతాయి. మీ కోర్సు ఏ కోడ్ కింద నమోదైందో చేరకముందే అడగండి. హెచ్1బీ ఉద్యోగ వీసాలో మనకొక వెసులుబాటు ఉంది: విశ్వవిద్యాలయాలకు ఆ ఏటా 85,000 పరిమితీ లాటరీ వర్తించవు. కానీ ఆ వీసా ఒక్క యజమానికే కట్టుబడి ఉంటుంది. పక్క సంస్థ సినిమాకు ఎడిటింగ్ చేసి డబ్బు పుచ్చుకోవడం లాంటివి న్యాయవాదిని అడగకుండా చేయకండి.

ఉద్యోగం శాశ్వతమయ్యే ముందు ఆరేళ్ల పరీక్షాకాలం ఉంటుంది. పెద్ద డాక్యుమెంటరీకి నాలుగైదేళ్లు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకుంటే మీకే అర్థమవుతుంది: చేరిన మొదటి వేసవిలోనే చిత్రీకరణ మొదలవ్వాలి. మూడో ఏటి సమీక్షలో కమిటీ సభ్యుడొకరు నన్ను "పుస్తకం ఎక్కడ?" అని అడిగారు. నా చేతిలో 20 నిమిషాల కూర్పు (ఎడిట్ చేసిన ప్రతి) తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాంటి రోజు మీకు రాకూడదంటే, చేరేటప్పుడు ఇచ్చే నియామక పత్రంలోనే సినిమా పరిశోధన కిందికి వస్తుందని రాయించుకోండి. ఏ స్థాయి చిత్రోత్సవం దేనికి సమానమో విభాగం నియమావళిలో ఉందో లేదో చూడండి. యూనివర్సిటీ ఫిల్మ్ అండ్ వీడియో అసోసియేషన్ సమావేశాల్లో సినిమాలకు తోటి అధ్యాపకులు రాతపూర్వక సమీక్ష ఇస్తారు. పుస్తకాలకు అలవాటుపడిన కమిటీలకు ఆ కాగితం అర్థమవుతుంది. పెద్ద సినిమా నడుస్తుండగానే అందులోంచి ఒక పదిహేను నిమిషాల చిన్న సినిమా తీసి పంపండి. నన్ను నిలబెట్టింది అదే.

బయలుదేరే ముందు

విశ్వవిద్యాలయంలో మనుషుల మీద చేసే పరిశోధనకు నైతిక సమీక్షా మండలి అనుమతి ఉండాలి. అయితే 2018లో సవరించిన సమాఖ్య నిబంధనల ప్రకారం, ఫలానా వ్యక్తుల గురించే చెప్పే మౌఖిక చరిత్ర, జర్నలిజం, జీవిత చరిత్ర వంటివి ఆ నిర్వచనంలోకి రావు. మీ సినిమా ఆ కోవలోకి వస్తుందని మీరే అనుకుని ఊరుకోకండి. మండలి చేతనే ఆ మాట రాయించి, ఉత్తరం దాచుకోండి. తర్వాత ఎవరు అడిగినా అదే మీకు అండ.

భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం సొంత దేశంలో చిత్రీకరణకు వీసా గొడవ లేదు. పౌరసత్వం మారితే సంగతి వేరు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా పరిశోధనకూ పాత్రికేయ పనికీ ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి నాటి ప్రకటన చెబుతోంది. మీ ప్రాంతపు భారత కాన్సులేట్‌కు నెలల ముందే రాయండి. హెచ్1బీ ముద్ర గడువు తీరి ఉంటే తిరుగు ప్రయాణానికి హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ కావాలి. అది సెమిస్టరు మొదలయ్యే తేదీకి ముందు దొరుకుతుందో లేదో చూశాకే టికెట్ కొనండి.

కెమెరా కొన్నది అమెరికాలోనే అయినా, తిరిగి వచ్చేటప్పుడు సుంకం అడగకుండా, బయలుదేరే ముందే అమెరికా కస్టమ్స్ వారి దగ్గర 4457 పత్రం మీద సీరియల్ నంబర్లు రాయించి ముద్ర వేయించుకోండి. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపువైతే విమానంలో ఇబ్బంది ఉండదు, నేను 98వి వాడతాను. డ్రోన్ పట్టుకెళ్లకండి, 2022 ఫిబ్రవరి నుంచి భారతదేశంలోకి డ్రోన్ల దిగుమతి నిషిద్ధం. పై నుంచి ఊరిని చూపించాలన్న మోజు నాకు ఎప్పుడూ లేదు గనుక దాని గురించి బాధపడలేదు.

డబ్బు గురించి ఒక్క మాట. అమెరికాలో చాలా ఫౌండేషన్లు వ్యక్తులకు కాక లాభాపేక్ష లేని సంస్థలకే నిధులిస్తాయి. 1972లో న్యూయార్క్‌లో మొదలైన విమెన్ మేక్ మూవీస్ వంటి సంస్థలు మీ తరఫున ఆ నిధిని స్వీకరించి, కొంత శాతం ఉంచుకుని మిగతాది మీకు అందజేస్తాయి. ఆ డబ్బును ఊళ్లోని సంఘానికి విరాళంగా మాత్రం పంపకండి. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేని సంఘం చిక్కుల్లో పడుతుంది. మనుషులకు వారి పనికి కూలి ఇవ్వండి, రసీదు రాయించుకోండి.

కెమెరా ఎక్కడ పెట్టాలి

నేను మొదటి వేసవిలో తీసినదాంట్లో సగం పారేశాను. కారణం ముక్కాలిపీట, అంటే కెమెరా నిలబెట్టే ట్రైపాడ్. పొందూరులో వడికేవాళ్లు నేలమీద కూర్చుంటారు. నేను నా ఎత్తుకు కెమెరా బిగించి, తరగతిలో నేర్చిన పద్ధతిలో చక్కగా చట్రం కట్టుకున్నాను. రాత్రి గదిలో చూసుకుంటే అందరూ తలలు వంచుకుని ఉన్నట్టు, నేనేదో పైనుంచి పర్యవేక్షిస్తున్నట్టు ఉంది.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, వ్యవసాయ కూలీలు, చదువు రానివారు, కెమెరా నేర్చుకుని సొంతంగా సినిమాలు తీశారు. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. దొరతనం కనిపించే కోణానికి పటేల్ షాట్ అని పేరు. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. నేను మూడేళ్ల డిగ్రీలో చదివిన కోణాల పాఠం ఆ రెండు మాటల్లో ఉంది.

రెండో వేసవి నుంచి ముక్కాలిపీట మానేసి ఒక బియ్యపు సంచి తీసుకెళ్లాను. సగం నిండిన సంచిని నేలమీద పరిచి దాని మీద కెమెరా ఆనిస్తే రాట్నం కదురుకు సమానంగా నిలుస్తుంది. మీరూ పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చోండి. మొదటి మూడు రోజులు అసలు కెమెరా తీయకండి. నేను ఏకులు (వడకడానికి దూదితో చుట్టే సన్నని చుట్టలు) చుట్టడం నేర్చుకోబోయి అన్నీ పాడుచేశాను. ఒక పెద్దమ్మ వాటిని విప్పి మళ్లీ చుట్టుకుంటూ, "కూర్చో అమ్మాయీ, చూడు" అన్నారు. చూడమని చెప్పాక తీయడం సులువైంది.

అక్కడి పని చూడాల్సిందే. దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల వరస గింజకు అంటుకున్న దూదిని నిమిరి చెత్తను వదిలిస్తుంది. తర్వాత గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఇక్కడ చూపు కన్నా చెవి ముఖ్యం. దవడ ఎముక దూదిని గీరే చప్పుడు చాలా చిన్నది, పైన ఫ్యాను తిరుగుతుంటే వినబడదు. ఫ్యాను ఆపమంటే మే నెలలో అది దౌర్జన్యం. అందుకే కరెంటు పోయే వేళ కోసం కాచుకున్నాను. కరెంటు పోగానే అందరూ "అబ్బా" అంటే నేను మైకు అందుకునేదాన్ని. ప్రతి చోటా ఎవరూ మాట్లాడని ఒక పూర్తి నిమిషం విడిగా రికార్డు చేయండి, కూర్పులో అది లేకపోతే అతుకులు వినబడతాయి. చొక్కా కాలరుకు తగిలించే మైకు చీరకు నప్పదు, పైట కదిలిన ప్రతిసారీ గరగరమంటుంది. జాకెట్టు మెడ లోపలి అంచుకు, బట్ట అతుకుతో, వారి చేతనే పెట్టించండి. ఆ పని ఆడవాళ్లం గనుక మనకు సాధ్యమవుతుంది.

ఇంకొకటి, అమెరికా నుంచి వెళ్లేవారందరూ చేసే పొరపాటు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దేశంలో 50. కెమెరా షట్టరు 1/60 మీదే ఉంచేస్తే ట్యూబులైటు కింద బొమ్మంతా అదురుతుంది. విమానం దిగగానే 1/50కి మార్చండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 గిగాబైట్లు అవుతుంది. 40 గంటలకు దాదాపు 1.8 టెరాబైట్లు. మూడు డిస్కులు కొని, ఒకటి మీ సంచిలో, ఒకటి బంధువుల ఇంట్లో, ఒకటి తోటి ప్రయాణికురాలి చేతిలో ఉంచండి.

అనుమతి రెండుసార్లు

విశ్వవిద్యాలయం ఇచ్చే సమ్మతి పత్రం నాలుగు పేజీల ఇంగ్లిషు. దాన్ని తెలుగులోకి మక్కికి మక్కి దించితే తహసీల్దారు కార్యాలయం నోటీసులా ఉంటుంది. నేను దాన్ని పక్కనపెట్టి, నోటితో చెప్పే మాటలు రాసుకుని మండలికి పంపి ఒప్పించాను. అవి ఇవి: "అత్తా, నేను మీ మాటలూ మీ పనీ ఈ కెమెరాలో తీసుకుంటాను. దీన్ని వేరే దేశాల వాళ్లు చూస్తారు, మా పిల్లలకు పాఠంగా చూపిస్తాను. దీనివల్ల నాకు జీతం, పేరు వస్తాయి. మీకు పని పోయిన రోజుకు కూలి ఇస్తాను, అంతకు మించి మాట ఇవ్వలేను. వద్దనుకుంటే ఇప్పుడైనా చెప్పండి, సినిమా అయ్యాక చూసి అయినా చెప్పండి, తీసేస్తాను." నాకు పేరు వస్తుందన్న మాట వదిలేయకండి. ఆ మాట చెప్పాకే ఒకావిడ సూటిగా అడిగారు, "అయితే మా పేరు ఎక్కడ వేస్తావు?" అని. సినిమా మొదట్లోనే వేశాను.

సమ్మతి మొదట ఒకసారి, కూర్పు చూపించాక ఒకసారి తీసుకోవాలి. రెండోసారి ఒకరు కోడలి గురించి అన్న మాటను తీసేయమన్నారు. సినిమాకు అది ప్రాణం లాంటి చోటు. తీసేశాను. వాళ్లు ఒకే ఇంట్లో ఉండాలి, నేను విమానం ఎక్కేస్తాను.

తెలుగును తెలుగులోనే రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అందరూ దాటవేసేదీ ఇదే. చిత్రీకరణ అయ్యాక మాటలను నేరుగా ఇంగ్లిషులోకి రాసుకుని, దాన్ని పట్టుకుని కూర్పు చేస్తారు. నేనూ మొదట అదే చేశాను. ఆరు నెలలయ్యాక చూస్తే మా సినిమాలో అందరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు, నా ఇంగ్లిషు గొంతుతో.

మళ్లీ మొదలుపెట్టాను. ప్రతి మాటనూ పలికినది పలికినట్టే తెలుగు లిపిలో రాశాను. గంట రికార్డింగుకు నాకు ఆరేడు గంటలు పట్టింది. ఆవిడ "అన్నం" అన్నదా "కూడు" అన్నదా, ఎదుటివారిని "నువ్వు" అన్నదా "మీరు" అన్నదా, అన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఒక సంఘటన అప్పుడే దొరికింది. నూలు తూకం దగ్గర ఒకావిడ ఉద్యోగిని "బాబూ, నువ్వు" అంటూ మొదలుపెట్టి, డబ్బు సంగతి రాగానే "మీరు"లోకి మారారు. ఇంగ్లిషులో రెండూ ఒకటే మాట. నేను నేరుగా అనువదించి ఉంటే ఆ భయం నా కంట పడేదే కాదు. కూర్పులో అక్కడ ఆవిడ ముఖం మీద ఇంకాస్త నిలిపాను. అనువాదం చెప్పలేనిది బొమ్మ చెప్పింది.

ఉప శీర్షికల (సబ్‌టైటిళ్ల) లెక్కలు ఇవీ: రెండు వరసలకు మించకూడదు, వరసకు 40 అక్షరాలు దాటకూడదు, ఒక్కొక్కటి కనీసం ఒక సెకను, గరిష్ఠం ఆరేడు సెకన్లు నిలవాలి. డేవిడ్, జూడిత్ మెక్‌డూగల్ దంపతులు ఉగాండా పశుపాలకుల మధ్య తీసిన సినిమాల్లో, పైనుంచి వ్యాఖ్యానం చెప్పడం తగ్గించి, మనుషుల సంభాషణలనే ఉప శీర్షికలతో వినిపించారు. ఆ సినిమాలు చూసి లయ నేర్చుకోండి.

కానీ తెలుగుకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటి ఉంది, దాన్ని మనమే పరిష్కరించుకోవాలి. మన వాక్యం ప్రాణం చివరి క్రియలో ఉంటుంది. ఒక పెద్దావిడ అన్నారు: "నలభై ఏళ్లు వడికాను, ఇంతమందికి చీరలయ్యాయి, నా నూలుతో నేసిన చీర నేను కట్టుకుని... ఎరగను." ఆ "ఎరగను"కు ముందు ఆవిడ దారాన్ని ఒకసారి లాగి చూసుకున్నారు. ఇంగ్లిషు వాక్యంలో "లేదు" మొదట్లోనే వచ్చేస్తుంది. మొదటి ప్రదర్శనలో ప్రేక్షకులు ఆవిడ చెప్పకముందే నిట్టూర్చారు, తీరా చెప్పాక ఏమీ మిగలలేదు. ఇంటికి వచ్చి ఆ శీర్షికను మూడు ముక్కలు చేశాను. ఎంతమందికి చీరలయ్యాయో ముందు, ఆవిడ నూలు సంగతి తర్వాత, దారం లాగినంతసేపు తెర ఖాళీ, చివరి మాటతో పాటే చివరి ముక్క. ఇంగ్లిషు కాస్త కుంటుతుంది. కుంటనివ్వండి.

"రెక్కాడితే గాని డొక్కాడదు" అన్నదానికి పదకొండు రకాలు రాసి చూశాను. చేయి, పొట్ట అన్న రెండు మాటలే ఉంచి, ప్రాస వదులుకున్నాను. "ఓలమ్మ"ను అనువదించలేదు. అది వినేవారికి ఎలాగూ తెలుస్తుంది.

ఈ తెలుగు ప్రతి మరో రకంగానూ అక్కరకు వస్తుంది. పదోన్నతి దస్త్రంలో 600 పేజీల మాటల ప్రతిని, దాని మీద రాసిన వ్యాసాన్ని జతచేశాను. ఈసారి పుస్తకం గురించి ఎవరూ అడగలేదు.

పంపడం, తీసుకెళ్లడం

చిత్రోత్సవాలకు ఏడాది పంపి, తర్వాత విద్యాసంస్థలకు అమ్మే పంపిణీదారును వెతకండి. మానవశాస్త్ర సినిమాలకు డాక్యుమెంటరీ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్, స్త్రీల సినిమాలకు విమెన్ మేక్ మూవీస్ అక్కడ పాతకాపులు. ఒప్పందంలో ఒక మాట తప్పక పెట్టించండి: సినిమాలో ఉన్నవారికీ వారి ఊరికీ ఉచితంగా చూపించుకునే హక్కు మీదే. భారతదేశంలో బహిరంగ ప్రదర్శనకు 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ధ్రువపత్రం ఉండాలి, చిత్రోత్సవాలకు మంత్రిత్వశాఖ మినహాయింపు ఇస్తుంది.

పూర్తయ్యాక పండుగలా ఊళ్లో చూపించాలని అందరూ అనుకుంటారు. నేను పూర్తికాకముందే తీసుకెళ్లమంటాను. కూర్పు ఇంకా మార్చగలిగినప్పుడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, చిన్న ప్రొజెక్టరు, తెల్ల దుప్పటి, రెండు స్పీకర్లు ఆటోలో వేసుకుని వెళ్లాను. ఆడవాళ్లకు తీరిక రాత్రి వంటలయ్యాకే, ఎనిమిదిన్నరకు ముందు పెట్టకండి. సినిమాలో ఉన్నవాళ్లూ వారి ఇళ్లవాళ్లూ ఒక పెరట్లో కూర్చున్నారు. తమను తాము చూసుకుని నవ్వారు, చనిపోయిన ఒకావిడ కనిపించగానే ఊరుకున్నారు.

అయిపోయాక, మొదటి రోజు నన్ను కూర్చోమన్న పెద్దమ్మే అడిగారు: "దారం తెగినప్పుడు అతుకుతాం కదా, అది లేదేం? అందరి దారమూ ఊరికే సాగిపోతున్నట్టుంది." నిజమే. తెగిన చోటల్లా నేను షాటు ఆపేశాను, అందంగా లేదని. డిస్కులన్నీ వెతికితే ఆపడం మరచిపోయిన ఒకే ఒక్క షాటు దొరికింది. ఆవిడ తెగిన కొసను వేళ్ల మధ్య నలిపి, ఏకు అంచుకు తాకించి, రాట్నాన్ని నెమ్మదిగా తిప్పుతారు. మొత్తం 19 సెకన్లు. దాన్ని కోయకుండా, సంగీతం లేకుండా, సినిమా సరిగ్గా నడిమికి వచ్చేసరికి పెట్టాను.